విమానాల పోట్లాట: తెరమీద ఎంత, గాలిలో ఎంత?

పాత యుద్ధాల్లో ఫైటర్ విమానాలు ఎలా కొట్టుకున్నాయో కంప్యూటర్ బొమ్మలతో మళ్లీ ఆడించి చూపించే టీవీ డాక్యుమెంటరీల మీద ఈసారి గోదావరి జిల్లాల నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. హిస్టరీ ఛానల్‌లో 2006లో మొదలైన ‘డాగ్‌ఫైట్స్’ లాంటివి ఇప్పుడు ముక్కలు ముక్కలుగా ఫోన్లలో తిరుగుతుండటం వల్ల కాబోలు. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం.

*ఒక విమానం వెనకాల ఇంకోటి బస్సు వెనకాల బస్సు వెళ్లినట్టు ఆనుకుని వెళ్తూ కాలుస్తుంటాయి. నిజంగా అంత దగ్గరికి వెళ్లేవారా అండి? (అమలాపురం)*

చాలామంది వెళ్లేవారు కాదండి. ఈ కార్యక్రమాల్లో ఏది ముందు జరిగింది, ఎవరు ఎటు తిరిగారు అన్నది దాదాపు సరిగ్గానే ఉంటుంది. దూరం, సమయం, ఈ రెండింటి దగ్గరే లెక్క తప్పుతారు.

1940 నాటి బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైర్‌నే తీసుకోండి. దాని రెక్కల్లో 8 మెషిన్‌గన్‌లు. నాలుగు ఇటు, నాలుగు అటు ఉన్నాయి కాబట్టి గుళ్లన్నీ ఎదర ఒకచోట కలిసేలా గన్‌లను పిసరంత లోపలికి తిప్పి బిగిస్తారు. ఆ కలిసే చోటు మొదట్లో 400 గజాలు ఉండేది. ఆ దూరంలో తగలడం లేదని పైలట్లు దాన్ని 250 గజాలకు తెచ్చుకున్నారు. 250 గజాలంటే 228 మీటర్లు. మీ లెక్కలో చెప్పాలంటే, 25 అడుగుల ఎడంతో వేసిన కొబ్బరితోటలో 30 వరసలు. తోటకు ఈ చివర నిలబడి ముప్పయ్యో చెట్టును చూడండి. ‘దగ్గరికొచ్చి కొట్టాడు’ అంటే అదీ దగ్గర!

అంత దూరాన జర్మన్ ఫైటర్ మెస్సర్‌ష్మిట్ 109 ఎంత కనిపిస్తుంది? రెక్కల కొస నుంచి కొసకు దాని వెడల్పు 9.87 మీటర్లు. పది రూపాయల బిళ్ల తీసుకుని, చెయ్యి పూర్తిగా చాచి కంటికెదురుగా పట్టుకోండి. దాదాపు అంతే. మీ ఇంట్లో 43 అంగుళాల టీవీని 8 అడుగుల దూరం నుంచి చూస్తున్నారనుకుంటే, కాక్‌పిట్ లోంచి పైలట్ చూసింది చూసినట్టు చూపించడానికి ఆ విమానం తెరమీద 10, 11 సెంటీమీటర్లకు మించకూడదు. వాళ్లేమో సగం తెర నింపేస్తారు. ఇక పక్క నుంచి తీసే షాట్‌లో ఉన్న దూరం ఉన్నట్టు ఉంచితే ఆకాశంలో రెండు ఈగలు తప్ప ఏమీ కనిపించవు. అందుకని దర్శకుణ్ని మరీ తిట్టుకోనక్కర్లేదు. జర్మన్ పైలట్ ఎరిక్ హార్ట్‌మన్ లాగా ఎదుటి విమానం అద్దమంతా నిండేదాకా ఆగి కాల్చినవాళ్లూ ఉన్నారు. అందరూ హార్ట్‌మన్లు కారు.

సమయం సంగతి ఇంకా విడ్డూరం. స్పిట్‌ఫైర్‌లో గన్‌కు 300 గుళ్లు. నిమిషానికి 1200 చొప్పున పోతాయి. అంటే మీట నొక్కి పట్టుకుంటే 15 సెకన్లలో ఖాళీ. మెస్సర్‌ష్మిట్ 109 రెక్కల్లోని 20 ఎం.ఎం. ఫిరంగులకు చెరో 60 గుళ్లే, 7 సెకన్లు కూడా రావు. అందుకే ఒక్కోసారి రెండు సెకన్లు కాల్చి వదిలేసేవారు. తెరమీద ఎవరైనా గుక్క తిప్పుకోకుండా 20 సెకన్లు కాలుస్తుంటే, ఆ గుళ్లు పక్క స్టూడియోలోంచి వస్తున్నాయని అనుకోండి.

*కొన్ని పాత ఫిల్ముల్లో విమానం ముందుకు పోతుంటే పంకా మాత్రం మెల్లగా వెనక్కి తిరుగుతుంది. గ్రాఫిక్స్‌లోనూ అలాగే పెడుతున్నారు. ఎందుకు? (భీమవరం)*

కెమెరా నిరంతరంగా చూడదు, సెకనుకు ఇన్నిసార్లని కన్ను తెరిచి మూస్తుంది. తొలి స్పిట్‌ఫైర్‌లో ఇంజిను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే, మధ్యలో ఉన్న పళ్లచక్రాల వల్ల పంకాకు అందేది 0.477 వంతు, అంటే 1431 చుట్లు. సెకనుకు 23.85. సెకనుకు 25 ఫ్రేములు తీసే కెమెరాలో ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య పంకా ఒక పూర్తి చుట్టుకు 16, 17 డిగ్రీలు తక్కువ తిరుగుతుంది. మన కంటికి ఆ పూర్తి చుట్టు కనపడదు, తగ్గిన 17 డిగ్రీలే కనపడతాయి. కాబట్టి వెనక్కి తిరుగుతున్నట్టుంటుంది. అదే 24 ఫ్రేముల్లో అయితే దాదాపు నిలబడిపోయినట్టే.

ఇంట్లో పరీక్షించుకోవచ్చు. పట్టపగలు, కిటికీ వెలుతురు బాగా పడే గదిలో మూడు రెక్కల సీలింగ్ ఫ్యాను ఫుల్‌లో పెట్టి, ఫోన్లో సెకనుకు 30 ఫ్రేముల వీడియో తీయండి. నిమిషానికి 350 చుట్లు తిరిగే ఫ్యానైతే ఫ్రేముకు 70 డిగ్రీలు కదులుతుంది. రెక్కల మధ్య ఎడం 120 డిగ్రీలు కాబట్టి 70 ముందుకు జరిగినా, 50 వెనక్కి జరిగినా బొమ్మ ఒకటే. కన్ను దగ్గరిదారే పడుతుంది. రెగ్యులేటర్ తగ్గించి 300 చుట్ల కిందికి తెస్తే మళ్లీ బుద్ధిగా ముందుకు తిరుగుతుంది. రాత్రి ట్యూబులైటు కింద తీస్తే రెక్కలు అలికేసినట్టు వచ్చి ఏమీ తేలదు. గ్రాఫిక్స్ వాళ్లు కావాలనే ఈ వంకర పెడతారు. అది లేకపోతే ‘బొమ్మలాగా ఉంది’ అంటాం మనం.

*ఇంటర్ ఎం.పి.సి. చదువుతున్నాను. వేగంగా పోయే విమానం నెమ్మదిగా పోయేదాన్ని మలుపులో పట్టుకోలేదని కార్యక్రమంలో చెప్పారు. లెక్క ఎలా? (తణుకు)*

వేగాన్ని సెకనుకు మీటర్లలోకి మార్చి వర్గం చెయ్యండి. దాన్ని 9.81తో భాగించండి. వచ్చినదాన్ని మళ్లీ (జి వర్గం − 1) కి వర్గమూలంతో భాగించండి. అదే మలుపు వ్యాసార్ధం. ఇక్కడ జి అంటే పైలట్ తన బరువుకు ఎన్నింతలు మోస్తున్నాడన్నది.

గంటకు 540 కి.మీ. అంటే సెకనుకు 150 మీటర్లు. 4 జి తో తిరిగితే వ్యాసార్ధం 592 మీటర్లు, పూర్తి చుట్టుకు 25 సెకన్లు. గంటకు 300 కి.మీ. తో అదే 4 జి లాగగలిగితే వ్యాసార్ధం 183 మీటర్లు, చుట్టుకు 14 సెకన్లు కూడా పట్టదు. అంటే పెద్దది సగం తిరిగేసరికి చిన్నది దాదాపు చుట్టు పూర్తిచేసి దాని తోక దగ్గర ఉంటుంది. 4 జి లో 60 కిలోల మనిషి 240 కిలోలు అవుతాడు. చెయ్యెత్తి స్విచ్ వెయ్యడమే గగనం. ఇంకా లాగితే తలలోంచి నెత్తురు కిందికి దిగి చూపు బూడిదరంగుకు తిరుగుతుంది, ఆ తర్వాత కళ్లు చీకట్లు. అన్నట్టు, 4 జి మలుపులో ఎత్తు నిలవాలంటే విమానం 75 డిగ్రీలు పక్కకు ఒరిగి ఉండాలి. తెరమీద 30 డిగ్రీలే ఒరిగి గిర్రున తిరిగేస్తుంటే అది తప్పు.

జపాన్ జీరోతో వచ్చిన చిక్కు ఇదే. తేలిక విమానం, నెమ్మది వేగాల్లో దానితో పాటు తిరగడం ఎవరి తరమూ కాలేదు. కానీ వేగం పెరిగితే దాని రెక్కల చివరి పలకలు బిగుసుకుపోయి పక్కకు దొర్లలేకపోయేది. పెట్రోలు ట్యాంకులకు చిల్లి పడితే తనంతట పూడుకునే తొడుగు కూడా లేదు. అమెరికా నేవీ పైలట్ జాన్ థాచ్ వంటింటి బల్ల మీద అగ్గిపుల్లలు పేర్చి దీనికి విరుగుడు కనిపెట్టాడు. రెండు విమానాలు ఎడంగా పక్కపక్కన వెళ్తుంటాయి. ఒకదాని తోక పట్టగానే రెండూ ఒకదాని వైపు ఒకటి తిరుగుతాయి. తరుముతున్నవాడు రెండోవాడి గన్‌కు ఎదురొస్తాడు. 1942 జూన్ 4న పసిఫిక్‌లోని మిడ్‌వే దీవి దగ్గర దీన్ని వాడారు. జడ అల్లినట్టుండే ఆ దారులు ఈ కార్యక్రమాల్లో బాగా చూపిస్తారు. ఈ ఒక్క విషయంలో గ్రాఫిక్స్‌ను మించింది లేదు.

*బైకు మెకానిక్‌నండి. శత్రువు ముక్కు కిందికి నొక్కి దూకుతుంటే స్పిట్‌ఫైర్ మాత్రం ముందు తలకిందులై ఆ తర్వాత దూకింది. స్టైలా, అవసరమా? (పాలకొల్లు)*

అవసరమేనండి. మీ చేతిలో రోజూ ఆడే వస్తువే దీనికి కారణం, కార్బొరేటర్‌లోని ఫ్లోట్. ముక్కు ఒక్కసారి కిందికి నొక్కితే పైలట్ సీట్లోంచి పైకి లేచినట్టే, గిన్నెలో పెట్రోలు కూడా పైకప్పుకు ఎగబాకుతుంది. జెట్టు అడుగున ఉంది. దానికి పెట్రోలు అందదు, ఇంజిను ఠక్కున నీరసిస్తుంది. అది మొదటి దెబ్బ. రెండోది ఇంకా పెద్దది. ఫ్లోట్ తలకిందులుగా పనిచేసి నీడిల్‌ను బార్లా తెరిచేస్తుంది. పంపు ఒత్తిడితో పెట్రోలు వరదలా వచ్చిపడి ఇంజిను ముంపుకు గురవుతుంది, నల్లపొగ. మెస్సర్‌ష్మిట్‌లో కార్బొరేటర్ లేదు, నేరుగా సిలిండర్లలోకి ఇంజెక్షన్. వాడికి ఈ బాధ లేదు. స్పిట్‌ఫైర్‌వాడు అందుకే సగం దొర్లి, కంట్రోల్ కర్ర తనవైపు లాగి దూకేవాడు. అలా చేస్తే పెట్రోలు గిన్నె అడుగునే ఉంటుంది. ఈలోగా శత్రువు జారుకునేవాడు.

బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజినీరు, ఈవిడ మోటారుసైకిల్ పందేలు కూడా తోలేది, నడుమ చిల్లి ఉన్న చిన్న బిళ్లను పెట్రోలు దారిలో పెట్టింది. ఇంజిను పూర్తి బలంతో తిరగడానికి ఎంత కావాలో అంతే పోనిచ్చే చిల్లి. 1941లో స్క్వాడ్రన్ల వెంట తిరిగి అమర్చారు. దీంతో వరద ఆగింది, మొదటి తడబాటు మాత్రం పోలేదు. దానికి తర్వాత వేరే కార్బొరేటర్లు రావాల్సి వచ్చింది. 1940 నాటి పోరాటం చూపిస్తూ ‘ఆ బిళ్ల వల్ల బతికాడు’ అంటే నమ్మకండి.

*కాకినాడ మీద జపాన్ వాళ్లు బాంబులేశారని పెద్దవాళ్లు చెప్పేవారు. దాన్ని ఇలా తీయొచ్చా? (కాకినాడ)*

వేసిన మాట నిజం. 1942 ఏప్రిల్ 6న. అదే రోజు విశాఖపట్నం మీద కూడా. విమానాలు వచ్చింది ర్యుజో అనే ఓడ మీద నుంచి. అడ్మిరల్ ఒజావా దళంతో బంగాళాఖాతంలో తిరుగుతూ తీరం వెంట సరుకు ఓడలను వేటాడిన ఓడ అది. కానీ కాకినాడ మీద విమానానికీ విమానానికీ పోరు జరగలేదు. పోరు కావాలంటే ముందురోజు, ఏప్రిల్ 5న, కొలంబో మీద చూడాలి. అక్కడ బ్రిటిష్ హరికేన్‌లు, జపాన్ జీరోలు తలపడ్డాయి. కాబట్టి కాకినాడది డాగ్‌ఫైట్ భాగంగా తీస్తే అబద్ధం అవుతుంది, దాడిగా తీయొచ్చు.

తీసేవాళ్లు తప్పకుండా చేసే పొరపాటు ఒకటుంది. నేటి ఉపగ్రహ చిత్రాన్ని నేలగా పరిచేస్తారు. అందులో చేపల చెరువులు, రొయ్యల చెరువులు అద్దం ముక్కల్లా మెరుస్తుంటాయి. 1942లో అవేవీ? అక్కడంతా వరిచేలు, కాలవలు. నేటి రేవు కట్టడాలు లేవు. ఓడలు ఎడంగా సముద్రంలో లంగరేస్తే పడవల మీద సరుకు ఒడ్డుకు చేర్చేవారు. హోప్ ఐలాండ్ ఇసుకదిబ్బ కూడా ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చినదే, నేటి ఆకారం పెట్టకూడదు. ధవళేశ్వరం దాకా కెమెరా వెళ్తే అక్కడ కనిపించాల్సింది కాటన్ దొర నాటి పాత ఆనకట్ట, గేట్ల బ్యారేజి కాదు. విమానం మీద బొల్ట్ దాకా సరిచూసేవాళ్లు కింద నేలను గాలికొదిలేయడం ఈ రకం కార్యక్రమాల్లో మామూలే.

*మన నాట్ విమానాన్ని ‘శాబర్ల పాలిటి యముడు’ అంటారు. ఎన్ని కూల్చిందో ఒక్కోచోట ఒక్కో లెక్క. ఏది నమ్మాలి? (నరసాపురం)*

ముందు విమానం సంగతి. బెంగళూరు హెచ్.ఎ.ఎల్. లో లైసెన్సు మీద తయారైన నాట్ రెక్కల వెడల్పు 6.7 మీటర్లు. పాకిస్తాన్ వాడిన అమెరికా శాబర్‌ది 11.3. బరువులో కూడా సగానికి అటూ ఇటూ. చిన్నది కాబట్టి ఎదురుగా వస్తుంటే ఆనదు, బరువుతో పోలిస్తే ఇంజిను బలం బాగా ఉండేసరికి ఎగబాకడంలో చురుకు. లోపాలూ తక్కువ కాదు. రెండు 30 ఎం.ఎం. గన్‌లకు చెరో 115 గుళ్లు, అంటే 5, 6 సెకన్ల పని. అవి కూడా సరిగ్గా సమయానికి ఇరుక్కుపోయేవి. ఎక్కువ దూరం పోలేకపోయేది. తోక నియంత్రణలో మొండితనం ఉండేది.

ఇక లెక్క. 1965 సెప్టెంబరు 3న ట్రెవర్ కీలర్ ఒక శాబర్‌ను కూల్చినట్టు మనవైపు నమోదైంది, ఆయనకు వీరచక్ర వచ్చింది. ఆ విమానం దెబ్బతిని కూడా తిరిగి దిగిందని అవతలివాళ్లు చెబుతారు. 1971 నవంబరు 22న తూర్పు పాకిస్తాన్ సరిహద్దు దగ్గరి బొయ్రా మీద నాలుగు నాట్‌లు శాబర్లను పట్టుకున్నాయి. మనం మూడంటాం, వాళ్లు రెండు ఒప్పుకుని మూడోది దెబ్బతిని వెళ్లిపోయిందంటారు. ఇక్కడ రెండింటి మీద తగాదా ఎందుకు లేదంటే, ఇద్దరు పైలట్లు పారాచూట్‌లతో మనవైపే దిగి పట్టుబడ్డారు. వారిలో ఒకరైన పర్వేజ్ మెహదీ ఖురేషీ తర్వాత పాకిస్తాన్ వైమానిక దళాధిపతి అయ్యారు.

కాబట్టి నమ్మాల్సింది పైలట్ మాటను కాదు, అవతలి దళం పోగొట్టుకున్న విమానం నంబరును, దాని పైలట్ ఏమయ్యాడన్నదాన్ని, శకలాలను. మూడింటిలో రెండు కుదరాలి. అబద్ధాలాడతారని కాదు. ఒకే విమానాన్ని ఇద్దరు కాల్చి ఇద్దరూ రాసుకుంటారు. పొగ వదులుతూ మబ్బులోకి దూకినవాడు కూలాడనుకుంటారు, వాడు ఇంటికి పోయి టీ తాగుతుంటాడు. 1940 సెప్టెంబరు 15న 185 జర్మన్ విమానాలను కూల్చామని బ్రిటన్ ప్రకటించింది, అసలు కూలినవి 60కి దగ్గర. ఈ తేడా చెప్పని కార్యక్రమాన్ని వినోదంగా చూడండి, తప్పులేదు.

*కాలేజీలో ముగ్గురం కలిసి ఒకటిన్నర నిమిషం పోరాటం మేమే తయారుచేద్దామనుకుంటున్నాం. 8 జీబీ ర్యామ్ కంప్యూటర్ ఉంది. ఎక్కడ మొదలెట్టాలి? (మండపేట)*

గ్రాఫు కాగితంతో. కంప్యూటర్ వారం తర్వాత. సెంటీమీటరుకు 100 మీటర్లని పెట్టుకుని, ఒక్కో విమానానికి ఒక రంగు పెన్నుతో ప్రతి 5 సెకన్లకు ఒక చుక్క పెట్టండి, పక్కనే ఎత్తు రాయండి. గంటకు 540 కి.మీ. అయితే చుక్కకూ చుక్కకూ 7.5 సెంటీమీటర్లు రావాలి. ఎక్కుతుంటే ఎడం తగ్గాలి, దూకుతుంటే పెరగాలి. ఎక్కుతూ కూడా అంతే ఎడం వచ్చిందంటే మీ విమానం లిఫ్టులో పోతోందన్నమాట.

తర్వాత కంప్యూటర్‌లో బొమ్మలు ఆడించే ‘బ్లెండర్’ అనే సాఫ్ట్‌వేర్, ఉచితంగా దొరుకుతుంది. విమానాలను అసలు కొలతల్లోనే, ఒక యూనిట్ ఒక మీటరుగా పెట్టండి. దూరంగా పోగానే విమానం మాయమైతే కంగారుపడకండి, కెమెరా క్లిప్ ఎండ్ విలువ (ఎంత దూరం దాకా చూపించాలన్న అంకె) చిన్నదిగా ఉండి ఉంటుంది, 20,000 చెయ్యండి. మొదటిసారి తీసేవాళ్లందరూ చేసే తప్పు, విమానాన్ని కారులా తిప్పడం. ముందు ఒరగాలి, ఆ తర్వాతే దారి వంగాలి. 75 డిగ్రీల ఒరుగుకు ఒక సెకను, అంటే 24 ఫ్రేములు ఇవ్వండి.

మెరుపుగుళ్లను బల్బుల దండలా పేర్చకండి. నాలుగైదు గుళ్లకు ఒకటే మెరుస్తుంది. సెకనుకు 800 మీటర్లు పోయే గుండు ఒక ఫ్రేములో 33 మీటర్లు కదులుతుంది. షట్టర్ సగం సేపే తెరిచి ఉంటుంది కాబట్టి 16, 17 మీటర్ల గీతగా కనిపించాలి. వెనక మబ్బులు మూడు దూరాల్లో పెట్టండి, ఉత్త నీలం ఆకాశంలో వేగం తెలియదు. విమానాలు దగ్గరగా కనిపించాలంటే వాటిని జరపకండి. కెమెరాను కిలోమీటరు వెనక్కి తీసుకెళ్లి 300 ఎం.ఎం. లెన్సు పెట్టండి. రెండూ ఇంచుమించు ఒకే సైజులో, దగ్గరగా కనిపిస్తాయి, లెక్కా తప్పదు. పెద్ద కార్యక్రమాలవాళ్లు ఈ పని చేసి ఉంటే అమలాపురం వారి ప్రశ్న వచ్చేదే కాదు.

90 సెకన్లకు 24 చొప్పున 2160 ఫ్రేములు. ఫ్రేముకు నిమిషం పడితే 36 గంటలు. మధ్యలో కరెంటు పోవడం ఖాయం. అందుకని నేరుగా వీడియోగా కాకుండా విడివిడి పీఎన్‌జీ బొమ్మలుగా తీయండి. 1400 దగ్గర ఆగితే 1401 నుంచి మొదలెట్టుకోవచ్చు. వీడియోగా తీస్తే ఫైలు పాడై మొదటికొస్తుంది.

*కిందికి దూకే ప్రతి విమానం ‘కీ...య్’ మని అరుస్తుందేం? (రాజోలు)*

అరిచింది జర్మన్ స్టూకా బాంబరు ఒక్కటే. దాని చక్రాల కాళ్లకు చిన్న చెక్క పంకాతో తిరిగే సైరన్ బిగించేవారు, కింద ఉన్నవాళ్లను హడలగొట్టడానికి. అది గంటకు 20, 25 కి.మీ. వేగం తినేస్తుంటే తర్వాత చాలావాటికి పీకేశారు. జీరో మీద గానీ మెస్సర్‌ష్మిట్ మీద గానీ ఆ అరుపు వినిపిస్తే అది సౌండ్ ఇంజినీరు అరుపు.